రాత్రిపూట పెరిగే దురద: కారణం తెలుసుకోకుండా ట్యూబులు మార్చి లాభం లేదు

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. ఆదోని దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే మీ నాన్నగారికి 58 ఏళ్లు. ఐదు నెలలుగా ఒళ్లు దురద. పగలు పొలం పనిలో అంతగా తెలియదు గాని, రాత్రి పడక చేరగానే మొదలై నిద్ర పట్టనివ్వదు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే నాలుగైదు రోజులు తగ్గుతుంది, ఆపగానే మునుపటికంటే ఎక్కువగా తిరగబెడుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ గారు సూది వేస్తే వారం రోజులు హాయిగా ఉండి మళ్లీ మామూలే. ఇప్పుడు మీ అమ్మగారు కూడా గోక్కుంటున్నారు, మీ 8 నెలల బాబుకు అరచేతుల్లో, అరికాళ్లలో చిన్న చిన్న పొక్కులు కనిపిస్తున్నాయి. రక్తం చెడిందని ఒకరు, బోరు నీళ్లు ఒంటికి సరిపడలేదని ఇంకొకరు, వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానాలని మరొకరు అంటున్నారు. అసలు కారణం ఏమిటి, ఏ పరీక్షలు చేయించాలి, శాశ్వతంగా పోయే మందు ఏది అని మీరు అడిగారు.

అనంతపురంలో చాలా కాలంగా చర్మవ్యాధుల వైద్యుడిగా పనిచేస్తున్న అనుభవంతో సూటిగా చెబుతున్నాను. మీరు రాసిన లక్షణాలు గజ్జినే సూచిస్తున్నాయి. చర్మాన్ని కంటితో చూడకుండా ఖాయంగా చెప్పడం సరికాదు. అయినా రాత్రి పెరిగే దురద, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి రావడం, పసిబిడ్డ అరచేతుల్లో పొక్కులు, ఈ మూడూ కలిసి కనిపించినప్పుడు వేరే జబ్బు గురించి ముందుగా ఆలోచించవలసి రావడం అరుదు. ఇంట్లో ఉన్నవారందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి చికిత్స తీసుకోవాలి. షాపులో ఇచ్చిన ట్యూబు పక్కన పెట్టాలి, సూదులు ఇక వేయించకూడదు. పథ్యం అక్కరలేదు. పెద్ద పెద్ద రక్తపరీక్షలూ ఇప్పుడే అక్కరలేదు. నాన్నగారికి షుగరు పరీక్ష ఒక్కటి మాత్రం చేయించండి, దాని కారణం కింద చెబుతాను.

గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని ఒక పురుగు. దాని పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పైపొరలో సన్నని సొరంగం తొలుచుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటి మీద ఉండే ఆడ పురుగులు 10, 15కు మించవు. ఇన్ని తక్కువ పురుగులకు ఒళ్లంతా అంత దురద ఎందుకంటే, అది పురుగు కుట్టడం వల్ల వచ్చే దురద కాదు. పురుగుకు, దాని గుడ్లకు, మలానికి మన శరీరం చూపే ప్రతిచర్య. మొదటిసారి సోకినప్పుడు ఈ ప్రతిచర్య తయారు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ మనిషికి దురద ఉండదు గాని, పక్కన పడుకున్నవారికి పురుగు అంటుకుంటూనే ఉంటుంది. మీ అమ్మగారికి ఇంత ఆలస్యంగా మొదలు కావడం, ‘నాకేమీ లేదు, నాకెందుకు మందు’ అని ఇంట్లో ఎవరో ఒకరు అనడం, ఆ ఒక్కరి వల్లనే అందరికీ మళ్లీ రావడం, ఇవన్నీ ఇందువల్లనే జరుగుతాయి.

ఇది శుభ్రత లేనివారికి వచ్చే జబ్బు అన్న అపోహ మన వైపు చాలా బలంగా ఉంది. రోజుకు రెండుసార్లు స్నానం చేసేవారికీ వస్తుంది, ఎందుకంటే పురుగు చర్మం లోపల ఉంటుంది, సబ్బు నీళ్లు అక్కడికి చేరవు. ఒకే పరుపు, ఒకే దుప్పటి, పిల్లలను ఎక్కువసేపు ఎత్తుకోవడం, హాస్టల్ గదుల్లో పక్కపక్కన పడుకోవడం, ఇవి చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. మా దగ్గరికి వచ్చేవారిలో సిగ్గుపడి దాచుకున్నవారే ఎక్కువ కాలం బాధపడతారు. కోడలికి చెప్పని అత్తగారు, అత్తగారికి చెప్పని కోడలు ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి ఒకే మందు రాయించుకుపోవడం నాకు కొత్త కాదు. అలా వేర్వేరుగా వాడితే ఇద్దరికీ తగ్గదు.

ఇంట్లోనే మీరు చూసుకోగలిగినది కొంత ఉంది. పగటి వెలుతురులో నాన్నగారి చేతివేళ్ల సందులు, మణికట్టు లోపలి వైపు, మోచేతి అంచులు, చంకల ముందు మడత, బొడ్డు చుట్టూ, మొలతాడు కట్టే చోటు, పిరుదుల కింది భాగం, జననాంగం చూడమనండి. ఆడవారిలో రొమ్ముల కింద, చనుమొనల చుట్టూ కూడా చూడాలి. వేలి సందులో భూతద్దం పెట్టి నిదానంగా చూస్తే కొన్ని మిల్లీమీటర్ల పొడవున, కొద్దిగా వంకరగా, బూడిద రంగు గీత ఒకటి కనిపించవచ్చు. దాని ఒక చివర చర్మం కాస్త పొట్టు లేచినట్టు ఉంటుంది, రెండో చివర సూదిమొనంత నల్లచుక్క ఉంటుంది. ఆ చుక్క దగ్గర ఉన్నదే పురుగు. గోకి గోకి గీరలు పడినవారిలో ఈ గీత దొరకడం కష్టం. మగవారిలో పురుషాంగం మీద, వృషణాల సంచి మీద గట్టి, దురదపెట్టే బొడిపెలు ఉంటే, నా మటుకు నేను వేరే రుజువు కోసం చూడను. ఈ భాగాలు చూపించడానికి మీ నాన్నగారి వయసువారు మొహమాటపడతారు. వైద్యుడు అడగకపోయినా వారే చెప్పాలి.

చికిత్స మందులో కన్నా పూసే పద్ధతిలో ఎక్కువ ఉంది. పర్మెత్రిన్ 5 శాతం క్రీము మొదటి ఎంపిక. పెద్దవారికి ఒక పూతకు సుమారు 30 గ్రాములు పడుతుంది. రాత్రి స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరి చల్లబడిన తరువాత, మెడ కింద నుంచి అరికాళ్ల దాకా, ఒక్క వేలెడు చోటు కూడా వదలకుండా పూయాలి. వేళ్ల సందులు, గోళ్ల అడుగు, బొడ్డు, జననాంగం, పిరుదుల మధ్య, అరికాళ్లు అన్నీ ఇందులోకి వస్తాయి. దురద ఉన్న చోటే పూయడం, వీపు అందక వదిలేయడం, పూసిన తరువాత చేతులు కడుక్కుని మళ్లీ పూసుకోకపోవడం వల్లనే ‘డాక్టరు గారూ, ఆ క్రీము పనిచేయలేదు’ అన్న మాట వస్తుంది. 8 నుంచి 14 గంటలు ఉంచి పొద్దున స్నానం చేయాలి. సరిగ్గా వారం తరువాత మళ్లీ ఒకసారి ఇదే విధంగా పూయాలి, ఎందుకంటే మొదటి పూత తప్పించుకున్న గుడ్ల నుంచి ఈలోగా పిల్లలు బయటికి వస్తాయి. మీ బాబుకు మాత్రం తలకు, ముఖానికి కూడా, కళ్లు, నోరు తప్పించి పూయాలి. చేతులు నోట్లో పెట్టుకోకుండా పలుచని గుడ్డ తొడుగులు వేయండి. రెండు నెలలు దాటిన బిడ్డలకు ఈ మందు వాడవచ్చు. అయినా పసివాడు కాబట్టి పిల్లల వైద్యుడినో, చర్మ వైద్యుడినో ఒకసారి అడిగి పూయండి. ఇంట్లో గర్భవతి ఉంటే ఆమె కూడా వైద్యుని సలహాతో పర్మెత్రిన్ పూసుకోవచ్చు.

ఐవర్మెక్టిన్ మాత్రలు కూడా బాగా పనిచేస్తాయి. మోతాదు శరీర బరువును బట్టి కిలోకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, ఒకటి రెండు వారాల వ్యవధిలో రెండుసార్లు. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వము. హాస్టళ్లలోనూ, పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబాల్లోనూ ఇది చాలా ఉపయోగపడుతుంది. కానీ వైద్యుడు రాసిన తరువాతే వేసుకోవాలి. వేపాకు, పసుపు నూరి పూయడం గురించి అడుగుతుంటారు. అది హాని చేయకపోవచ్చు గాని, దానితో గజ్జి పోతుందని నమ్మి నెలలు గడపకండి. కిరసనాయిలు పూసినవారినీ, పంటకు కొట్టే మందు నీళ్లలో కలిపి ఒళ్లు తుడుచుకున్నవారినీ చూశాను. ఆ పని ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. పురుగుమందు చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది.

బట్టల విషయం తేలిక. పూత పూసిన మరునాడు, గత మూడు రోజుల్లో కట్టుకున్న బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయండి. పురుగు మనిషి ఒంటి నుంచి బయటపడితే రెండు మూడు రోజులకు మించి బతకదు. ఉతకలేని కంబళ్లు, బొంతలు ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి వారం రోజులు పక్కన పడేస్తే చాలు. ఇల్లంతా మందు కొట్టించనక్కర లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పురుగు చచ్చిన తరువాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. చర్మంలో మిగిలిన గుడ్ల పెంకులకూ, మలానికీ శరీరం ఇంకా స్పందిస్తూనే ఉంటుంది. ఇది తెలియక చాలామంది రోజూ పర్మెత్రిన్ పూస్తూ పోతారు. చర్మం ఎండిపోయి, మంటపుట్టి కొత్త దురద మొదలవుతుంది. ఈ వారాల్లో కొబ్బరినూనె గాని కాలమిన్ లోషన్ గాని పూసుకుని, రాత్రికి వైద్యుడు రాసిన అలర్జీ మాత్ర వేసుకుంటే గడిచిపోతుంది. నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, కొత్త గీతలు, కొత్త బొడిపెలు వస్తున్నా మళ్లీ చూపించాలి. పొక్కుల్లో చీము పట్టి, ముఖ్యంగా పిల్లల్లో, ఆ తరువాత ముఖం ఉబ్బినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. చర్మంలో చేరిన బ్యాక్టీరియా వల్ల మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం ఉంది.

గొర్రెలు, మేకలు, కుక్కలు ఉన్న ఇళ్లవారు ఒక సంగతి అడుగుతారు. జంతువుల గజ్జి పురుగులు మనిషిని ఎక్కి కొద్ది రోజులు దురద పెట్టగలవు గాని, మనిషి చర్మంలో సంతతి పెంచుకోలేవు. జంతువుకు పశువైద్యుని దగ్గర చికిత్స చేయిస్తే మనిషికి దానంతట అదే సర్దుకుంటుంది. కాబట్టి మీ ఇంట్లో నెలల తరబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతున్న దాన్ని కుక్క మీదికి తోసేయలేము.

ఇప్పుడు ఆ ట్యూబు సంగతి. మన ప్రాంతంలో చర్మ వైద్యుల సమయం ఎక్కువగా తినేది జబ్బులు కావు, ఈ ట్యూబులే అంటే అతిశయోక్తి కాదు. మీరు ట్యూబు పేరు రాయలేదు, రాయనక్కర కూడా లేదు. ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. చాలా ట్యూబుల్లో దానితోపాటు ఫంగస్ మందు ఒకటి, బ్యాక్టీరియా మందు ఒకటి కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ చేసేది చర్మం స్పందనను అణచడమే. దురద, ఎరుపు నాలుగు రోజుల్లో పోతాయి, కారణం మాత్రం నివురుగప్పిన నిప్పులా అలాగే ఉండి, పూత ఆపగానే రాజుకుంటుంది. ఈ పూతల్లో చాలావాటిని 2018లోనే వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలోకి తెచ్చారు. అమ్మకం ఎలా జరుగుతోందో మీకే తెలుసు.

నెలల తరబడి తొడల మధ్య, చంకల్లో పూస్తే చర్మం పలుచబడి గర్భిణుల పొట్ట మీద వచ్చేలాంటి చారలు పడతాయి, అవి తరువాత పోవు. ముఖానికి పూస్తే ఎర్రబడి, మొటిమలు వచ్చి, ఆపిన ప్రతిసారీ మండుతుంది. ఇక ‘దురద సూది’గా ఊళ్లలో వేసేది కూడా చాలాసార్లు స్టెరాయిడే. అది షుగరును, బీపీని పెంచుతుంది, ఎముకలను బలహీనపరుస్తుంది, గజ్జి పురుగులు లెక్కకు మించి పెరిగేందుకు దారి తెరుస్తుంది. అందుకే నాన్నగారికి షుగరు చూడమన్నాను, బీపీ కూడా చూపించండి. నెలకు రెండు మూడు సూదులు చొప్పున చాలా కాలం వేయించుకుని ఉంటే, ఆ మాట వైద్యునికి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అలాంటివారిలో హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగవచ్చు.

ఈ ట్యూబుల వల్ల రూపం మారిపోయే జబ్బుల్లో ముందుండేది తామర. ఇది ఫంగస్. మొలలో, నడుము చుట్టూ, పిరుదుల మీద గుండ్రంగా, అంచు ఎర్రగా పొట్టు లేస్తూ, మధ్యలో కాస్త మానినట్లు ఉంటుంది. స్టెరాయిడ్ పూసినవారిలో వలయంలో వలయం పుట్టి, అంచు చెదిరి, చూడగానే గుర్తుపట్టలేని రూపంలోకి వస్తుంది. మీ నాన్నగారికి ఇలాంటి మచ్చలు కూడా ఉన్నాయేమో చూడండి. గజ్జి, తామర రెండూ ఒకే మనిషికి ఉండటం అరుదేమీ కాదు. అంచు దగ్గర పొట్టు గీకి, ఒక ద్రావణం చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు కొద్ది నిమిషాల్లో కనబడతాయి. ఖరీదైన పరీక్ష కాదు. ఒకప్పుడు రెండు వారాల్లో తగ్గే ఈ తామర ఇప్పుడు చాలామందిలో ఆరు వారాలు, ఎనిమిది వారాలు మాత్రలు వాడితే గాని తగ్గడం లేదు. మచ్చ కనబడకుండా పోయిన తరువాత కూడా రెండు వారాలు పూత కొనసాగించాలి. బిగుతైన జీన్స్, తడి లోదుస్తులు, ఒకే తువ్వాలు నలుగురూ వాడటం మానకపోతే ఏ మందూ నిలవదు. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండలకు చెమట ఆరదు కాబట్టి ఆ నెలల్లో మా దగ్గర తామర రోగుల వరుసే పొడుగు.

నాన్నగారు రైతు కాబట్టి ఇంకొక జబ్బు గురించి కాస్త వివరంగా చెప్పాలి. వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అని మనం పిలిచే పార్థీనియం మొక్క 1950లలో పుణె ప్రాంతంలో కనిపించి దేశమంతా పాకింది. మన బీడు భూముల్లో, బుడ్డల (వేరుశనగ) చేల గట్ల మీద, రోడ్ల పక్కన తొలకరి పడగానే మోకాలెత్తు లేస్తుంది. ఈ మొక్క దుమ్ము గాలిలో కలిసి ఒంటి మీద పడితే కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. ఇది అందరికీ రాదు. ఏళ్ల తరబడి అదే పొలంలో తిరిగి, ఒక ఏడాది హఠాత్తుగా మొదలయ్యేవారే ఎక్కువ. ముఖం, కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి, మందమెక్కి, రాత్రింబవళ్లు దురద పెడతాయి.

ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక రైతును ఎండ సరిపడక ముఖం నల్లబడిందని చెప్పి పంపించారు. ఆయన గడ్డం పైకెత్తమని చూస్తే గడ్డం కింద, చెవుల వెనక, పైరెప్పల మడతల్లో కూడా చర్మం మందంగా, గీతలు తేలి ఉంది. ఎండ వల్ల వచ్చే జబ్బు అయితే నీడ పడే ఆ చోట్లు బాగుండాలి. గాలిలో వచ్చే దుమ్ము అయితే మడతల్లో పేరుకుంటుంది. వీపుకు అట్టలు అంటించి చేసే ప్యాచ్ పరీక్షలో పార్థీనియం దగ్గరే చర్మం ఎర్రబడింది. ఆయనకు రక్తపరీక్షలు చేస్తూ శరీర ప్రతిచర్యను అణచే అజథయోప్రిన్ అనే మాత్రలు కొంతకాలం ఇవ్వవలసి వచ్చింది. దానితోపాటు గట్ల మీది మొక్కలను పూలు పూయకముందే, ఆయన కాకుండా ఇంట్లో వేరేవారు చేతులకు తొడుగులు వేసుకుని పీకారు. ఆయన పొడుగు చేతుల చొక్కా, తలకు తుండు వేసుకుని పొలం వెళ్లి, రాగానే స్నానం చేసి బట్టలు మారుస్తారు. ఇప్పటికీ వానాకాలం వస్తే కొద్దిగా తిరగబెడుతుంది గాని నిద్ర పాడయ్యేంత కాదు. మీ నాన్నగారి దురద ముఖం, మెడ మీద లేకపోతే ఈ జబ్బును పక్కన పెట్టవచ్చు.

అలాగే చేతులకు, కాళ్లకు మాత్రమే పరిమితమైన దురద అయితే పని గురించి అడుగుతాము. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నుంచి వచ్చే తాపీమేస్త్రీలలో తడి సిమెంటులోని క్రోమియం లవణాల వల్ల చేతులు పగిలి దురద పెట్టడం తరచు చూస్తాము. చెవిపోగులు, గడియారం, జీన్స్ గుండీ తగిలే చోట మాత్రమే దురద ఉంటే నికెల్. తలకు నల్లరంగు వేసుకున్న మూడో రోజు నుదురు, చెవులు, కనురెప్పలు ఉబ్బి రసి కారితే రంగులోని రసాయనం. వీటిలో ఇంట్లో మిగిలినవారికి దురద ఉండదు, అదే తేడా.

బోరు నీళ్ల మాటకు వద్దాం. కఠినజలం గజ్జిని గాని తామరను గాని తేదు. అయితే అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వానే దాదాపు 550 మిల్లీమీటర్లు, గాలిలో తేమ తక్కువ, పైగా ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాక ఎక్కువ రుద్దుతాము, అది చర్మం మీద మిగిలిపోతుంది. 60 దాటినవారిలో చర్మం నూనె తగ్గి ఉంటుంది కాబట్టి డిసెంబరు, జనవరిలో మోకాళ్ల కింద పొలుసులు లేచి, సన్నని పగుళ్లు పడి దురద మొదలవుతుంది. దీనికి మందు చాలా చౌక. గోరువెచ్చని నీళ్లు, పది నిమిషాల లోపు స్నానం, చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే సబ్బు, ఒళ్లు అద్దుకుని ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె గాని వాసలీన్ గాని. స్నానానికి ముందు నూనె పట్టించి, తరువాత సున్నిపిండితో రుద్ది కడిగేస్తే ప్రయోజనం దక్కదు. నైలాన్ పీచుతో ఏళ్ల తరబడి వీపు, భుజాలు రుద్దేవారికి అక్కడ అలలు అలలుగా నల్లమచ్చలు, దురద రావడం మనవారిలో చాలా ఎక్కువ. ఆ పీచు పారేయడమే మొదటి చికిత్స.

చర్మం మీద ఏ పొక్కూ, మచ్చా లేకుండా, గోకిన గీతలు తప్ప ఏమీ కనబడకుండా ఆరు వారాలకు మించి ఒళ్లంతా దురద ఉంటే అప్పుడు లోపల వెతకాలి. రక్తంలో హిమోగ్లోబిన్, కణాల లెక్క, ఐరన్ నిల్వలు, షుగరు, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), కాలేయ పరీక్షలు, థైరాయిడ్, వీటితో మొదలుపెడతాము. అవసరాన్ని బట్టి మరికొన్ని. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, కాలేయంలో పైత్యరసం నిలిచినవారిలో, ఐరన్ తగ్గినవారిలో, అరుదుగా రక్త సంబంధమైన క్యాన్సర్లలో కూడా దురద తొలి సూచన కావచ్చు. బరువు తగ్గడం, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు, కళ్లు పచ్చబడటం తోడైతే ఆలస్యం చేయకూడదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు నెలల పాటు అలర్జీ మాత్రలు మార్చి మార్చి వాడారు. ఆమెకు తక్కువైంది ఐరన్, దానికి కారణం నెలసరి అధిక రక్తస్రావం. స్త్రీవైద్యురాలు దాన్ని సరిచేసి, ఐరన్ ఇచ్చిన తరువాత దురద మందే అవసరం లేకపోయింది. కొత్తగా మొదలుపెట్టిన మాత్రల వల్ల కూడా దురద రావచ్చు. అలా అనుమానం వస్తే రాసిన వైద్యుణ్ణి అడగాలి గాని బీపీ మాత్రలు సొంతంగా ఆపకూడదు.

గర్భం చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్లు దురద పెడితే ‘పొట్ట సాగుతోంది, మామూలే’ అని ఊరుకోకండి. పైత్యరసం రక్తంలో చేరే జబ్బు కావచ్చు, కడుపులో బిడ్డకు ముప్పు. అదే రోజు ప్రసూతి వైద్యురాలిని కలవాలి.

పథ్యం గురించి మీ బంధువులకు చెప్పవలసింది ఇదే: గజ్జి పురుగుకు మనం ఏమి తిన్నామో పట్టదు. వంకాయ తిన్నా, గోంగూర తిన్నా, రాగిసంగటిలో ఎండుచేపల పులుసు పోసుకున్నా తేడా రాదు. ఒక పదార్థం తిన్న గంట రెండు గంటల్లో, తిన్న ప్రతిసారీ, ఒంటి మీద దద్దుర్లు లేస్తుంటే మాత్రం అది మానాలి. దద్దుర్లు వేరే జబ్బు. దోమ కుట్టినట్లు లేచి, ఒక్కొక్క దద్దురు 24 గంటల్లోపు మాయమై మరొక చోట పుడుతుంది. అలర్జీ మాత్రలు అసలు బాగా పనిచేసేది దానికే. పెదవులు, నాలుక ఉబ్బి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. గజ్జి, తామర, పొడి చర్మం, వీటిలో అలర్జీ మాత్ర నిద్ర పట్టించడం తప్ప చేసేది తక్కువ. నిద్ర తెప్పించే రకం మాత్రలు వేసుకుని ట్రాక్టరు, మోటారు సైకిలు నడపకూడదు. నాన్నగారికి మూత్రం సాఫీగా రాని ఇబ్బంది ఉంటే ఆ రకం వద్దని వైద్యునికి చెప్పండి. రక్తం శుద్ధి చేస్తామని అమ్మే సీసాల మీద డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో ఇంట్లో అందరికీ రెండు పూతలకు సరిపడా క్రీము వస్తుంది.

ఇంకొక చిన్న మాట, ప్రశ్నకు కాస్త పక్కది. ఒంటి మీద ఎక్కడైనా లేత రంగు మచ్చ ఉండి, అక్కడ దురద లేకపోగా స్పర్శ కూడా తెలియకపోతే, దురద లేదు కదా అని వదిలేయకండి. కుష్ఠు అలాగే మొదలవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దానికి మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

చివరగా మీరు చేయవలసిన పని. ఆదోని ఆసుపత్రిలో ముందు చూపించండి, లేదా కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లండి. నాన్నగారిని ఒక్కరినే పంపవద్దు, అమ్మగారు, బాబు, మీరు, మీ ఇంటావిడ అందరూ వెళ్లండి. ఒంటి మీద ముందు రోజు నుంచి ఏ పూతా, పసుపూ లేకుండా ఉండాలి, లేకపోతే మచ్చ అసలు రూపం కనబడదు. ఇప్పటిదాకా వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే, మాత్రల అట్టలు, సూది మందు పేరు రాసిన చీటీ ఉంటే అదీ, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మందు రాసిన తరువాత అందరూ ఒకే రాత్రి పూసుకునేలా రోజు ముందే నిర్ణయించుకోండి. చుట్టాల ఇంటికి ఊరెళ్లినవారు ఎవరైనా ఉంటే వారు తిరిగి వచ్చేదాకా ఆగి, అప్పుడే మొదలుపెట్టండి.